కుండకొకటి, మెడకొకటి

నర్సు ఉద్యోగమంటే సూదులు, కట్లు, కాన్పులు అని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం ఉద్యోగంలో బాగా గుర్తున్న రోజులు నీళ్ళ కుండల దగ్గర గడిచినవే. మా చెల్లెలి మనవరాలు మేరీకి ఈ ఏడు నర్సు శిక్షణలో సీటు వచ్చింది. మొన్న వచ్చి నా మంచం మీద కూర్చుని, "అమ్మమ్మా, నీకు తెలిసిందంతా చెప్పు" అంది. తెలిసిందంతా చెప్పి ఏం లాభం? మందులు మారాయి, సూదులు మారాయి. మేము కష్టపడి నేర్చుకున్నవాటిలో సగం ఇప్పుడు ఎక్కడా వాడటం లేదు. మారనిది ఒకటుంది. మన చేతిలోని మందు అవతలి మనిషి ఇంట్లోకి వెళ్ళాక ఏమవుతుందో మనకు తెలియదు. ఆ సంగతి నాకు ఎల్లారెడ్డిలో తెలిసింది. అదే రాస్తాను.

నా పేరు రూతమ్మ. మా నాయన దొర దగ్గర జీతగాడు. మిషన్ దవాఖానాలో డాక్టరమ్మలు నన్ను చేరదీసి చదువు చెప్పారు, కాన్పుల పని నేర్పారు. తర్వాత ఎల్లారెడ్డి సర్కారు దవాఖానాలో నర్సుగా చేరాను. అప్పటికి నాకు ఇంకా పెళ్ళి కాలేదు. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎక్కడెక్కడికి బదిలీ అయింది, ఇవన్నీ ఇక్కడ రాయను. వాటి వల్ల నేనేమీ నేర్చుకోలేదు.

ఎర్రమందు

ఆ కాలంలో ఎండలు ముదిరాయంటే మాకు గత్తర భయం. ఇప్పుడు కలరా అంటున్నారు. పొద్దున పొలానికి పోయిన మనిషి మధ్యాహ్నానికి కక్కుకుంటూ, పారుకుంటూ మంచాన పడేవాడు. కండ్లు లోపలికి పోయేవి, చేతివేళ్ళు ముడతలు పడేవి. అది నీళ్ళ ద్వారా వస్తుందని మాకు తెలుసు. మా దగ్గర ఉన్నది ఎర్రమందు. బావిలో కలిపితే నీళ్ళన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి.

నేను చేరిన మొదటి ఎండాకాలమే నాగిరెడ్డిపేట అవతల వాగుగడ్డ అనే గూడేనికి గత్తర వచ్చింది. అక్కడున్నవాళ్ళంతా కూలి చేసుకునేవాళ్ళు. ఊరి బావిలో చేద వేయడానికి వాళ్ళకు వీల్లేదు. వాగు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్ళు ముంతతో ఎత్తి కుండలు నింపుకునేవాళ్ళు. మా డాక్టర్ సాబ్ ఆ చెలిమెలో ఎర్రమందు వేయించారు. మర్నాడు వెళ్ళి చూస్తే చెలిమె దగ్గర ఒక్కరూ లేరు. ఆడవాళ్ళంతా బర్రెలు పడుకునే మడుగులో కుండలు ముంచుతున్నారు.

నేను పరుగెత్తుకెళ్ళి ఒకామెను ఆపాను. "చెలిమెలో మంచి నీళ్ళుండగా ఇవెందుకమ్మా?" అన్నాను.

"చెలిమెల నెత్తురు ఊరుతున్నది నర్సమ్మా. ఎట్ల తాగుతం?"

"నెత్తురు కాదు, మందు."

"మందే కానియ్. నెత్తురు లెక్క ఉన్నది గద. పిల్లగాండ్లు నోట్ల వెట్టుకుంటలేరు."

డాక్టర్ సాబ్ వెనక నుంచి ఈ మాటలు విన్నారు. వాగు ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని, "చూసినవా రూతమ్మా? మంచి నీళ్ళకాడికెల్లి చెడ్డ నీళ్ళకాడికి మనమే తరిమినం" అన్నారు.

ఆ ఏడు ఆ గూడెంలో చాలామంది పోయారు. నీళ్ళు తాగనివ్వని మందు ఎంత గొప్పదైనా మందు కాదని నాకు అక్కడే అర్థమైంది.

నల్లబడిన వేళ్ళు

మా డాక్టర్ పేరు గులాం మొహియుద్దీన్. అందరికీ డాక్టర్ సాబ్. సన్నగా, ఎత్తుగా ఉండేవారు. గడ్డం అప్పటికే సగం నెరిసింది. భార్యాపిల్లలు పట్నంలో ఉండేవారు. నా పై అధికారుల్లో అంత మంచి వైద్యుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అంత కోపిష్టిని కూడా చూడలేదు. సీసా మూత సరిగ్గా పెట్టకపోతే కాంపౌండర్ నర్సింగరావు మీద దవాఖానా కప్పు ఎగిరిపోయేలా అరిచేవారు. రోగి ముందు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో తెలియదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, "ఏమైంది అవ్వా?" అని అడిగేవారు.

వాగుగడ్డ నుంచి వచ్చాక ఆయనకు ఒకటే ధ్యాస పట్టుకుంది. రంగు లేని, వాసన లేని మందు కావాలి. అది బావిలో కాదు, ఇంట్లో కుండలో ఉండాలి. ఒకసారి వేస్తే అయిపోయేది కాకుండా తీసి కడుక్కుని మళ్ళీ మళ్ళీ వేసుకునేదై ఉండాలి. సర్కారు బండి ఆ గూడేనికి ఏడాదిలో ఎన్నిసార్లు పోగలదు? మేము పోలేని రోజుల్లో కూడా పని చేయాలి.

ఊరి పటేల్ ఇంట్లో రాగి బిందెలున్నాయి. గత్తర వచ్చిన ఏళ్ళల్లో ఆ ఇంటికి రాలేదని నర్సింగరావు అన్నాడు. డాక్టర్ సాబ్ ఒప్పుకోలేదు. "వాండ్ల బావి వేరు, వాండ్ల తిండి వేరు. బిందె ఒక్కదానితోనే అని ఎట్ల చెప్తవ్?" అన్నారు. అయినా ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. రాగి నీళ్ళను శుభ్రం చేస్తుందని ఆయనకు తెలుసు. వెండి ఇంకా బాగా చేస్తుందని ఎక్కడో చదివారు. రాగి బిందెలు కొనే స్తోమత గూడెంలో ఎవరికుంది? వెండి అయితే పైపూతగా చాలు, అది మట్టి మీద కూడా నిలుస్తుంది.

వెండి మందు దవాఖానాలో ఉండనే ఉంది. పుట్టిన ప్రతి బిడ్డ కండ్లలో నేను వేసే చుక్కలు అవే. తల్లి నుంచి తగిలిన జబ్బుతో బిడ్డ కండ్లు పోకుండా కాపాడతాయి. ఒక పొద్దుట ఆయన నా దగ్గరికొచ్చి, "బిడ్డ కండ్లను కాపాడేది కుండను కాపాడదా?" అని అడిగారు. నన్నే అడిగారో, తనను తానే అడుక్కున్నారో తెలియదు.

ఎల్లారెడ్డి కుమ్మరితో రేగుపండంత మట్టి పూసలు చేయించి కాల్పించారు. వాటిని వెండి మందు నీళ్ళలో నానబెట్టి, తేనె కలిపి సన్నని సెగ మీద పెట్టేవారు. వెండి పట్టి, ఎర్రటి పూసలు మెల్లగా బూడిద రంగుకు తిరిగేవి. వెండి మందు తగిలితే చర్మం నల్లబడుతుంది. డాక్టర్ సాబ్ వేళ్ళు నల్లగా అయిపోయాయి, ఎంత కడిగినా పోయేవి కావు. సంతలో జనం, సాబ్ గడ్డానికి రంగు వేసుకోబోయి చేతులకు వేసుకున్నాడని నవ్వుకున్నారు.

పూసలు పని చేస్తాయో లేదో చూడటానికి ఆయన ఒకే బావి నీళ్ళు రెండు కుండల్లో పోశారు. ఒకదానిలో పూస వేశారు, రెండోదానిలో వేయలేదు. మర్నాడు ఆ నీళ్ళ చుక్కలను గాజు గొట్టాల్లో మాంసం రసంలో కలిపి వెచ్చగా పెట్టారు. నీళ్ళలో క్రిములుంటే ఆ రసం తిని పెరుగుతాయి, రసం మబ్బుపడుతుంది. ఆ మరుసటి రోజు పూస లేని కుండ తాలూకు గొట్టం కడుగునీళ్ళలా మసకబారింది. పూస వేసిన కుండది తేటగా ఉంది. డాక్టర్ సాబ్ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. ఏ పేషెంటు బతికినప్పుడూ ఆయన అంత సంతోషపడటం నేను చూడలేదు.

బురద నీళ్ళలో మాత్రం పూస ఏమీ చేయలేకపోయింది. నీళ్ళు తేటగా ఉండాలి, పూస వాటిలో రాత్రంతా ఉండాలి. అట్లా అయితేనే పని.

ఒక్క మాట

వాగుగడ్డకు బండి కట్టుకుని వెళ్ళాం. ఇంటికొక పూస. కడగడానికి తీసుకోవడం సులువుగా ఉంటుందని డాక్టర్ సాబ్ పూసలకు బెజ్జం పెట్టించారు. దారం కట్టి కుండలోకి వేలాడదీయాలి. ఆడవాళ్ళంతా వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. డాక్టర్ సాబ్ వివరంగా చెప్పారు. నీళ్ళు వడపోయాలి, పొద్దుగూకాక పూస వేయాలి, తెల్లారి తాగాలి. అంతా చెప్పి చివర్లో సంబరంగా ఒక మాట అన్నారు.

"గిది ఉన్న ఇంటికి గత్తర రాదు!"

అంతకు ముందు చెప్పినవన్నీ గాలికి పోయాయి. ఆ ఒక్క మాట నిలిచింది. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కష్టపడి చేసిన పని మీద ప్రేమతో నోట వచ్చింది. మేరీ, ఇది నీకోసం రాస్తున్నాను. రోగులు మన మాటలన్నీ గుర్తుపెట్టుకోరు. వాళ్ళకు కావలసిన మాట ఒకటి ఏరుకుంటారు. అందుకే ఏరుకోకూడని మాట నోట రానివ్వకూడదు.

బాలవ్వ

ఆ తర్వాతి ఎండాకాలం వాగుగడ్డలో మళ్ళీ కక్కుడు, పారుడు అని కబురొచ్చింది. మేము చేరేసరికి ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళామూ పోయారు. పక్క గుడిసె బాలవ్వది. కొడుకు పోచారం చెరువు కింద కోతలకు పోయాడు. ఇంట్లో బాలవ్వ, కోడలు మల్లవ్వ, నాలుగేళ్ళ మనవరాలు పోశి. పోశి నులకమంచం మీద గుడ్డపీలికలా పడి ఉంది. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. చర్మం పట్టి లాగితే లాగినచోటే నిలబడింది.

పిల్ల మెడలో నల్లదారానికి మా పూస ఉంది.

నేను చుట్టూ చూశాను. వాకిట్లో ఆడుకునే పిల్లల మెడల్లో పూసలు. లేగదూడ మెడలో కూడా ఒకటి. ఏ కుండలోనూ లేదు. డాక్టర్ సాబ్ కూడా చూశారు. ఆయన మొహం ఎర్రబడింది.

"కుండల వెయ్యమంటే మెడకెందుకు కట్టినరు?" అన్నారు. రోగి ముందు ఆయన గొంతు పెరగడం మొదటిసారి విన్నాను.

బాలవ్వ భయపడలేదు. పిల్ల పాదాలు రుద్దుతూనే జవాబు చెప్పింది.

"ఇంటికొక్కటే ఇస్తివి సాబ్. గది ఉంటే గత్తర రాదంటివి. కుండకు కడితే కుండ బతుకుతది. కుండ బతికి ఏం జేస్తది? నాకు పిల్ల బతకాలె గద."

డాక్టర్ సాబ్ భుజాన ఉన్న మందుల సంచీ దించారు. చొక్కా చేతులు పైకి మడుచుకుని మంచం పక్కన కింద కూర్చున్నారు.

"పోశిని బతికిద్దాం అవ్వా. జెర జరుగు" అన్నారు.

గత్తరలో మనిషిని చంపేది ఒంట్లో నీళ్ళు అయిపోవడమే. పోయిన నీళ్ళు తిరిగి ఇవ్వగలిగితే మనిషి బతుకుతాడు. మరిగించిన ఉప్పునీళ్ళు సీసాల్లో తెచ్చాం. చేతి నరాలు అణగిపోయి దొరకలేదు. డాక్టర్ సాబ్ చీలమండ దగ్గర చర్మం కోసి నరం పట్టుకున్నారు. అంత చిన్న కాలు మీద ఆ నల్లటి వేళ్ళు కొంచెం కూడా వణకలేదు. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఉప్పు వేసిన గంజినీళ్ళు చెంచాతో పెదవుల మధ్య పోస్తూ కూర్చున్నాను. కక్కితే తుడిచి మళ్ళీ పోసేదాన్ని. మల్లవ్వ పొయ్యి దగ్గర నీళ్ళు మరిగిస్తూ, మధ్యమధ్యలో వచ్చి పిల్ల మొహం చూసి పోయేది. ఏడవలేదు. ఏడిస్తే పిల్లకు వినిపిస్తుందని భయం.

ఇక్కడ ఒక పని సంగతి చెప్పాలి. గత్తర రోగిలో మేము ఎదురుచూసేది మాటల కోసం కాదు, కండ్లు తెరవడం కోసం కాదు. మూత్రం కోసం. అది ఆగిపోయిందంటే ఒంట్లో అంతా ఎండిపోయినట్టు. మళ్ళీ వచ్చిందంటే మనిషి ఒడ్డున పడినట్టు.

పొద్దు వాలుతుండగా నా ఒళ్ళో వెచ్చగా తగిలింది. మొదట గంజి ఒలికిందనుకున్నాను. చీర కుచ్చిళ్ళు తడిసి మంచం కిందికి బొట్లు పడ్డాయి.

మల్లవ్వ చూసి కంగారుగా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో నర్సమ్మా, నీ చీర ఖరాబు చేసింది! ఇటియ్యి, పిల్లనియ్యి!"

నేను ఇవ్వలేదు. నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. డాక్టర్ సాబ్ తడిసిన నా చీర వైపు చూసి లేచి నిలబడ్డారు.

"ఖరాబు కాలేదు మల్లవ్వా. గా చీర ఖరాబు కాలేదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయారు. చాలాసేపటి తర్వాత లోపలికి వచ్చినప్పుడు ఆయన గడ్డం తడిగా ఉంది. వాగుకు పోయి మొహం కడుక్కున్నానని చెప్పారు. వాగు అప్పటికి ఎండిపోయి ఉంది.

దవాఖానాలో తగాదా

పోశి లేచి కూర్చునేదాకా అక్కడే ఉండి తిరిగి వచ్చాం. బండి ఎల్లారెడ్డి దగ్గరపడ్డాక డాక్టర్ సాబ్ ఒక్కసారిగా, "తప్పు నాది. పూసకు బెజ్జం ఎవరు పెట్టమన్నరు? నేనే. ఉన్న ఇంటికి రాదని ఎవరన్నరు? నేనే" అన్నారు.

మర్నాడు నన్నూ నర్సింగరావునూ పిలిచి ఏం చేద్దామని అడిగారు. సలహా అడగడం ఆయనకు అలవాటు లేని పని. ఇంటింటికీ వెళ్ళి మెడలు తడిమి, పూసలున్నవాళ్ళను భయపెట్టాలని నర్సింగరావు అన్నాడు. నాకు బాలవ్వ మొహం కళ్ళ ముందు కదిలింది.

"సాబ్, మెడకొకటి ఇద్దాం. కుండకొకటి ఇద్దాం" అన్నాను.

నర్సింగరావు నా వైపు తిరిగాడు. "తాయెత్తులు పంచుతమా? గిది దవాఖానానా, దర్గానా? నువ్వు శిలువ ఏసుకున్నవని అందరికీ ఏదో ఒకటి మెడల ఉండాల్నంటవా?"

అతడు చెడ్డవాడు కాదు. చదువుకున్నదాని మీద గట్టి నమ్మకం ఉన్నవాడు. అతడన్నదానిలో న్యాయం లేకపోలేదు. ఈ రోజుకూ నాకు దాని గురించి సందేహం వస్తూనే ఉంటుంది. కానీ నాకు అప్పుడు తట్టింది ఒక్కటే. భయం వేసినప్పుడు చేయి పిల్ల మీదికే పోతుంది, కుండ మీదికి పోదు. ఆ చేతిని ఖాళీగా పంపితే మళ్ళీ కుండలో ఉన్నదే తీసుకుంటుంది.

డాక్టర్ సాబ్ బల్ల మీది పూసనొకదాన్ని తీసి వేళ్ళ మధ్య తిప్పారు. "ఇద్దాం. మెడది వట్టి మట్టి, వెండి పెట్టొద్దు. కుండది బెజ్జం లేని పెద్ద బిళ్ళ. ఒక్క షరతు. వట్టి పూసను మందని చెప్పొద్దు. అడిగినా, అడగకున్నా నిజం చెప్పాలె" అన్నారు. నర్సింగరావు తల ఊపాడు గాని నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

నేనే తీసుకుని వెళ్ళాను. బాలవ్వ వాకిట్లో తుమ్మముండ్లు కొట్టుకుంటూ ఉంది. అరచేతిలో వట్టి పూస, బూడిద రంగు బిళ్ళ పెట్టాను.

"అవ్వా, గీ బిళ్ళ కుండల వెయ్యి. దీనికే మందున్నది. గీ పూసల ఏం మందు లేదు. ఊరికే మట్టి. కావాలంటే పిల్ల మెడల కట్టుకో."

ఆమె పూసను వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"మందు లేదని నాకు ఎరికే బిడ్డా. మందు గా పొద్దు మీరు సీసాల తెచ్చిండ్రు. గిది నా కోసం. పిల్ల బయటికి పోయినప్పుడు మెడల ఏదన్న ఉంటే నాకు జెర నిమ్మళమైతది."

బిళ్ళను మాత్రం తన చేతులతో కుండలో వేసింది. అది అడుగున పడ్డ చప్పుడు విని, "బరువుగనే ఉన్నది" అని తల ఊపింది.

మల్లవ్వ శుభ్రం

అక్కడితో కష్టాలు తీరలేదు. నెల తిరిగాక నేను వెళ్ళేసరికి మల్లవ్వ బిళ్ళను కొంగులో పెట్టుకుని ఎదురొచ్చింది. ఆ గూడెంలో అంత శుభ్రంగా గిన్నెలు తోమే మనిషి లేదు. రోజూ చింతపండు, బూడిద పెట్టి బిళ్ళను కూడా తోమింది.

"చూడు నర్సమ్మా, మీరిచ్చినప్పుడు నల్లగుండె. ఎట్ల మెరుస్తున్నదో చూడు!"

కుమ్మరి ఆవం నుంచి అప్పుడే తీసినట్టు ఎర్రగా మెరుస్తోంది. వెండి అంతా బూడిదతో పోయింది. ఆమె మొహం సంతోషంతో వెలుగుతోంది. తోమినందుకు మెచ్చుకున్నాను. తర్వాత నా చేతి గిల్టు గాజు చూపించి, పూత మీద ముతకది రుద్దితే ఏమవుతుందో చెప్పాను. ఆమె నాలుక కరుచుకుంది.

"అయ్యో! మందంత గిన్నెల నీళ్ళల్ల పారబోసినట్టేనా?"

"తోమొద్దు. వట్టి నీళ్ళతో కడుగు, బట్టతో తుడువు, అంతే."

డాక్టర్ సాబ్‌తో చెబితే ఈసారి కోప్పడలేదు. "కడుగుడు చెప్పినం గని ఎట్ల కడగాల్నో చూపియ్యలేదు" అని కొత్త బిళ్ళ ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ వాడే వస్తువు బతుకంతా కడిగే చేతిలో ఉంటుంది. ఆ చేతికి పని చూపించకుండా వస్తువు ఇచ్చి రావడం సగం పని.

అప్పటి నుంచి మల్లవ్వ తనంతట తానే గూడెంలో ఇంటింటికీ పోయి కుండలు చూసేది. ఎవరింట్లో బిళ్ళ తోమినట్టు కనిపించినా కేకలు వేసేది. రెండు కుండల పద్ధతి కూడా ఆమె వల్లనే నిలిచింది. ఒక కుండలో నీళ్ళు తాగుతుంటే ఇంకొకటి బిళ్ళతో రాత్రంతా నిలిచి ఉంటుంది. మేము చెబితే ఊఁ అన్నవాళ్ళు, మల్లవ్వ నడుము మీద చేయి పెట్టుకుని నిలబడితే చేసేవాళ్ళు.

తర్వాతి ఏడు చుట్టుపక్కల గత్తర వచ్చింది, వాగుగడ్డకు రాలేదు. బిళ్ళల వల్లనేనా అని మేరీ అడిగింది. నాకు తెలియదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెలిమెల్లో నీళ్ళు తేటగా ఉన్నాయి. డాక్టర్ సాబ్ కూడా ఎప్పుడూ బిళ్ళల వల్లనే అని చెప్పలేదు. ఒక ఏడు చూసి చెప్పకూడదు అనేవారు. మళ్ళీ ఒక ఏడు చూసే అవకాశం మాకు రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. పట్నం నుంచి కామారెడ్డికి రైల్లో వచ్చే మందుల పెట్టెలు తేలికైపోయాయి. వెండి మందు దాదాపు ఆగిపోయింది. మిగిలిన ఒక్క సీసా ముందు పెట్టుకుని డాక్టర్ సాబ్ కూర్చున్నారు. దాంతో గూడేనికంతా కొత్త బిళ్ళలు చేయవచ్చు. లేదా పుట్టబోయే పిల్లల కండ్లలో చాలా కాలం చుక్కలు వేయవచ్చు. సీసాను నా వైపు జరిపి, "కండ్లకు ఉంచు బేటీ" అన్నారు. ఆయన నన్ను బేటీ అన్నది ఆ ఒక్కసారే. అంత ఇష్టపడి చేసిన పనిని అట్లా వదిలిపెట్టడం అందరి వల్లా కాదు. నాకు తెలిసిన పెద్ద వైద్యులు కొందరు తమ పనిని కాపాడుకోవడానికి రోగులను మరిచిపోయారు.

కామారెడ్డి స్టేషను

కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయింది. సాగనంపడానికి నేనూ నర్సింగరావూ బస్సులో కామారెడ్డి దాకా వచ్చాం. నర్సింగరావు దిగులు కనపడకుండా దారి పొడుగునా మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

స్టేషనులో హిందువులకు ఒక నీళ్ళ కుండ, ముస్లింలకు ఒక కుండ ఉండేవి. మల్లవ్వలాంటివాళ్ళు దేన్నీ ముట్టుకోవడానికి లేదు. ఎవరైనా దయతలిచి పైనుంచి పోస్తే దోసిలి పట్టుకుని తాగాలి. రైలు కోసం నిలబడి ఉండగా జనంలోంచి మల్లవ్వే వచ్చింది. ఆ ఎండాకాలం వాళ్ళు కామారెడ్డి బియ్యం మిల్లులో కూలికి వచ్చారట. సాబ్ పోతున్నాడని మిల్లుకు వచ్చిన ఎల్లారెడ్డి బండివాళ్ళు చెప్పారట. చంకలో బట్ట కట్టిన చిన్న కుండ ఉంది. వెనక పోశి, పొడుగ్గా ఎదిగింది. బాలవ్వకు నడుము నొప్పి, రాలేకపోయింది.

"తొవ్వల తాగనీకి నీళ్ళు తెచ్చిన సాబ్" అంది మల్లవ్వ.

నేను డాక్టర్ సాబ్ వైపు చూశాను. ఆయన బయటి నీళ్ళు ముట్టరు. తన చేత్తో మరిగించి ఫ్లాస్కులో పోసుకున్నవే తాగేవారు. తహసీల్దారు ఇంట్లో విందుకు పోయినా అంతే. ఆ పూట కూడా ఫ్లాస్కు భుజానికి వేలాడుతూనే ఉంది.

ఆయన ఏమీ అడగకముందే మల్లవ్వ గబగబా చెప్పింది. "నిన్న పొద్దుగూకంగ పట్టిన. బట్టతోని వడపోసిన. బిళ్ళ ఇంక ఉన్నది సాబ్, ఈడికి కూడ తెచ్చుకున్నం. తోమలేదు. రాత్రంత ఉంచిన. చెయ్యి ముంచలేదు, వంచుకొచ్చిన."

డాక్టర్ సాబ్ ఫ్లాస్కు తీసి నా చేతికి ఇచ్చారు. అంత జనంలో, కోటు వేసుకున్న మనిషి, ప్లాట్‌ఫారం మీద గొంతుక్కూర్చుని దోసిలి పట్టారు.

మల్లవ్వకు ఏం చేయాలో తోచలేదు. పుట్టినప్పటి నుంచి ఇంకొకరు పైనుంచి పోస్తే వంగి తాగిన మనిషి. ఒక్కసారి చుట్టూ చూసింది. తర్వాత కుండ మీది బట్ట విప్పి, రెండు చేతులతో మెల్లగా వంచింది. నీళ్ళు సన్నని ధారగా ఆయన దోసిట్లో పడ్డాయి. ఆయన ఆగకుండా తాగారు. గడ్డం తడిసి చొక్కా మీదికి కారింది. నర్సింగరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ధార ఆపి మల్లవ్వ అడిగింది.

"ఇంకింత పొయ్యాల్నా సాబ్?"

ఆయన తల ఎత్తలేదు, దోసిలి కూడా దించలేదు. మల్లవ్వ మళ్ళీ కుండ వంచింది.